గుడారంలో వాము పొగ

ఫార్మింగ్టన్ హిల్స్, అమెరికా,
శుక్రవారం మధ్యాహ్నం

అక్కయ్యకు విశాలి నమస్కారాలు.

బావగారి మోకాలు ఎలా ఉంది, అమ్మ మందులు సరిగ్గా వేసుకుంటోందా, అన్నీ అడుగుతాను గానీ ముందు ఒక్క మాట. అది చదివి, ఉత్తరం పక్కన పెట్టి, ఆ పని చూసుకుని రా. పద్మ పురిటికి మీరు సిద్ధం చేస్తున్న కొత్త గదిలో కుంపటి పెట్టొద్దు. వద్దంటే వద్దు. నీ కూతురికి చలేస్తే ఇంకో దుప్పటి కప్పు. అమ్మ కాదంటే అమ్మతో పోట్లాడు. వాము పొగ వెయ్యక తప్పదంటే తలుపులూ కిటికీలూ బార్లా తెరిచి వేసి, ఆ నిప్పులు వెంటనే బయటికి పంపించెయ్యి. మన పాత ఇంట్లో పెంకుల సందుల్లోంచి ఆకాశం కనపడేది. నీ పురిట్లో పదకొండు రోజులు మంచం పక్కన కుంపటి ఉన్నా ఎవరికీ ఏం కాలేదంటే అందుకే. కొత్త గదికి స్లాబు వేయించామనీ, అద్దాల తలుపులు గట్టిగా పడుతున్నాయనీ, చీమ దూరే సందు లేదనీ నువ్వు రాసిన ఉత్తరం మొన్న మంగళవారం వచ్చింది. అది చదివి వంటింట్లో నేలమీద కూర్చుండిపోయాను.

ఎందుకో చెబుతాను. మూడు వారాల నుంచి ఉత్తరం రాయకపోవడానికి కారణం కూడా అదే. కంగారుపడకు, మాధు బాగానే ఉంది. ఇప్పుడు కూడా నా పక్కనే కూర్చుని రంగు పెన్సిళ్ళు కొరుకుతోంది. నాలుగేళ్ళు నిండినా ఆ కొరుకుడు మానలేదు. మాధు క్షేమం. ఇంట్లో మిగతా ఇద్దరి సంగతి మాత్రం అలా రాయలేను.

మీ మరిదిగారి ఉద్యోగం పోయిందని వేసవిలో రాశాను కదా. కార్ల కంపెనీలో ఆయన పనేమిటో నీకెప్పుడూ అర్థం కాలేదనేదానివి. కారు తలుపు వేశాక లోపలికి చుక్క నీరు గానీ పిసరంత గాలి గానీ రాకుండా, తలుపు చుట్టూ ఒక రబ్బరు పట్టీ ఉంటుంది. ఆ పట్టీ ఎలా ఉండాలో బొమ్మ గీయడం ఆయన పని. పదకొండేళ్ళు అదే గీశారు. ఒకరోజు పొద్దున్న వెళ్ళి, మధ్యాహ్నానికి స్కేళ్ళూ పెన్సిళ్ళూ ఒక అట్టపెట్టెలో పెట్టుకుని వచ్చేశారు. మా వీధిలో అలాంటి పెట్టెలు ఇంకో నాలుగు దిగాయి ఆ వారం.

రెండు నెలలు ఆయన పొద్దున్నే లేచి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చునేవారు. అంతే. ఎక్కడికీ వెళ్ళరు. నేను ఏమైనా అంటే "ఊఁ" అంటారు. ఆ "ఊఁ" వినీ వినీ నాకు పిచ్చెక్కింది. అప్పుడు పక్కింటి ఫ్రాంక్, రిటైరయిన పెద్దాయన, తన పాత పికప్ ట్రక్కు ఈయనకి ఇచ్చేశాడు. పికప్ అంటే ముందు కూర్చునే గది, వెనక సామాను వేసుకునే తొట్టి. మన పాల వ్యానుకి పైకప్పు తీసేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. తుప్పుపట్టి ఉంది. ఫ్రాంక్‌కి చూపు తగ్గి డ్రైవ్ చేయలేడట.

ఈయన ఏదో పత్రికలో, కార్ల నెత్తిన గుడారం వేసుకుని అడవుల్లో పడుకునేవాళ్ళ ఫోటో చూశారు. అదిగో, ఆ రోజు నుంచి మనిషి మారిపోయారు. తొట్టికి నాలుగు వైపులా ఇనప కమ్ములు నిలబెట్టి, పైన ప్లైవుడ్ బల్ల బిగించారు. ఆ బల్ల మధ్యలో మడత. పుస్తకం తెరిచినట్టు తెరిస్తే సగం బయటికి వస్తుంది, దాని కింద నిచ్చెనే కాలు. బల్లతో పాటు గుడారం కూడా లేచి నిలబడుతుంది. సైనికుల పాత సామాను అమ్మే కొట్లోంచి దళసరి కాన్వాసు గుడ్డ తెచ్చి నా ముందు పడేశారు.

"కుట్టి పెట్టు విశాలీ."

"ఇంత ఇల్లుండగా ట్రక్కు మీద పడుకోవడం ఏం ఖర్మండీ? మనమేం సర్కస్ వాళ్ళమా?"

"మాధుకి నక్షత్రాలు చూపిస్తాను."

"పెరట్లో కనపడవా ఏమిటి?" అన్నాను గానీ కుట్టాను. ఏడు సూదులు విరిగాయి. ఆయన పక్కన నిలబడి, ఈ అతుకు మీద ఇంకో వరస, ఆ అంచు మడిచి ఇంకో వరస అని ప్రాణం తీశారు. అతుకు అతుక్కీ మైనం రాశారు. తలుపుకి జిప్పు, దాని మీద రబ్బరు పట్టీ. వల కట్టిన కిటికీ ఒకటి, దాని మీద రెప్పలా ఒక గుడ్డ, ఆ గుడ్డ బిగించి కట్టడానికి నాడాలు నేనే కుట్టాను. అన్నీ అయ్యాక నన్నూ మాధునీ లోపల కూర్చోబెట్టి, పెరట్లో తోట గొట్టంతో అరగంట నీళ్ళు కొట్టారు.

"చుక్క పడిందా?" అని బయటి నుంచి కేకలు.

"పడలేదు మహాప్రభో! ఊపిరి మాత్రం ఆడడం లేదు!"

"కిటికీ గుడ్డ తీసుకోవే!"

ఎంత నవ్వుకున్నామో. ఆయన నవ్వగా విని ఎన్నాళ్ళయిందో ఆ క్షణంలో లెక్కేసుకున్నాను. వినాయక చవితి పూజకి తెలుగువాళ్ళింటికి వెళితే సరోజగారని ఒకావిడ, "ఇల్లు అమ్మేసి ట్రక్కులోకి మారుతున్నారటగా?" అంది అందరి ముందూ. "అవునండీ, గృహప్రవేశానికి పిలుస్తాను, వెండి గిన్నె పట్టుకురండి" అన్నాను. ఎవరేమనుకుంటే నాకేం! నా మొగుడు నాకు తిరిగొచ్చాడు.

అక్టోబరు మొదట్లో ఒక శనివారం బయల్దేరాం. ఇక్కడికి నాలుగు గంటల దూరంలో సరస్సు పక్కన, చెట్ల మధ్య, గుడారాలు వేసుకునే స్థలాలున్నాయి. చేరేసరికి మధ్యాహ్నం మూడు. ఆయన మడత తెరిచి గుడారం నిలబెడితే పక్క స్థలంలో దిగిన ముసలి దంపతులు వచ్చి వింతగా చూసి చప్పట్లు కొట్టారు. మాధు నిచ్చెన ఎక్కి, "నాన్నా, దిస్ ఈజ్ మై హౌస్!" అని గెంతడం.

అంతలో వాన అందుకుంది. చలి అంటే అలాంటి ఇలాంటి చలి కాదు. గుడారంలో పెట్టిన చిన్న దీపం మిణుకుమంటోందని, బ్యాటరీ కోసం ఆయన ట్రక్కు ఇంజను ఓ పావుగంట నడిపి ఆపేశారు. తరవాత పొడి కట్టెలు అమ్మే చోటు మైలు దూరంలో ఉందని నడిచి వెళ్ళారు. మాధుకి ముక్కు కారుతోంది, దగ్గుతోంది. రెండు దుప్పట్లు కప్పినా "కోల్డ్ అమ్మా, కోల్డ్" అంటోంది.

అక్కయ్యా, నాకు నీ పురిటి గది గుర్తొచ్చింది. ఆ వెచ్చదనం, ఆ వాము వాసన, నువ్వు పద్మని ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకోవడం. ట్రక్కు పక్కన కట్టిన టార్పాలిన్ కింద వంటకని రాజేసిన బొగ్గులు అప్పటికే ఎర్రగా ఉన్నాయి. ఇనప మూకుడులో ఆ నిప్పులు పోసి, మసిగుడ్డతో పట్టుకుని నిచ్చెనెక్కి, గుడారంలో ఒక మూల ఇటుక పెట్టి దాని మీద మూకుడు పెట్టాను. పోపుల డబ్బాలోంచి గుప్పెడు వాము తీసి చల్లాను. రెండు నిమిషాల్లో వెచ్చగా అయింది. పిల్ల "నైస్" అంది. ఆ వెచ్చదనం పోకూడదని కిటికీ గుడ్డ దించి నాడాలు బిగించాను. బయటికొచ్చి జిప్పు పైదాకా లాగాను. లాగి, కిందికి దిగి అన్నం వండుకుంటూ కూర్చున్నాను. నేనేనక్కా. ఈ చేతులతోనే.

ముప్పావుగంట అయి ఉంటుంది. పిలిస్తే పలకలేదు. నిద్రపోయిందనుకుని సంతోషించాను కూడా. చారు దించి, అన్నం పెట్టుకుని పైకెక్కాను. పిల్ల వాంతి చేసుకుని అందులోనే పడి ఉంది. ఎత్తితే మెడ నిలవలేదు.

నేను అరిచిన అరుపు నాకే గుర్తులేదు. కాలు తగిలిందో, నేనే తన్నానో, మూకుడు బయట గడ్డిలో పడింది, వాన నిప్పుల్ని చప్పున ఆర్పేసింది. ఈయన కట్టెలు పారేసి పరిగెత్తుకొచ్చారు. పక్కనున్న ముసలాయన తన కారు తీశాడు. దారంతా ఈయన కారు అద్దాలు దించి పిల్ల ముఖాన్ని గాలికి పట్టారు.

ఆ చిన్న ఊరి ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు. డాక్టరు చూసి, ఇది విషపు గాలి పీల్చడం వల్ల, దానికి రంగూ వాసనా ఉండవు, ఇంజనుల్లోంచీ మంటల్లోంచీ వస్తుంది అన్నాడు. "ఏదైనా ఇంజను నడిచిందా?" అని అడిగాడు. ఈయన ముందుకొచ్చి, "నేను నడిపాను" అన్నారు. "పొయ్యి, హీటరు, నిప్పు, అలాంటిదేమైనా లోపల ఉందా?" అని మళ్ళీ అడిగాడు. ఈయనే "నో, నథింగ్" అన్నారు. డాక్టరు నా వైపు చూశాడు. నేను పిల్ల కాళ్ళు రుద్దుతూ తల వంచుకున్నాను.

ఇంగ్లీషు రాక కాదక్కా. ఏడేళ్ళయింది ఈ దేశం వచ్చి. నోరు రాలేదు.

రెండో రోజుకి పిల్ల లేచి కూర్చుని ఐస్‌క్రీం అడిగింది. ఏ లోటూ ఉండదని డాక్టరు చెప్పాడు, తరవాత ఇక్కడ మళ్ళీ చూపించాం, వాళ్ళూ అదే మాట అన్నారు. దేవుడు నా మీద దయ చూపించాడు. ఆ దయకి నేను తగనని నాకు తెలుసు.

ఆయన ఒక్కరే వెళ్ళి, లోపలికి చూడకుండా గుడారం ఉన్నదున్నట్టు మడిచేసి ట్రక్కు తెచ్చారు. గడ్డిలో పడ్డ మూకుడు కూడా తెచ్చి, మసి పోయేదాకా రెండుసార్లు తోమి, వంటింట్లో దాని చోట దాన్ని పెట్టారు. "వానలో వదిలేశావు, తుప్పు పట్టేది" అన్నారు. నేను అక్కడి నుంచి లేచి వెళ్ళిపోయాను.

మూడు వారాలు, అక్కయ్యా. ఆయన బల్ల ముందు కూర్చుని కాగితాల మీద కాగితాలు గీస్తున్నారు. ఇంజను పొగ ఎక్కడి నుంచి లేచి, ప్లైవుడ్ ఏ అతుకులోంచి దూరి, గుడారంలో ఎలా నిండిందో బాణం గుర్తులు వేసి మరీ గీస్తున్నారు. లేని దారి వెతుకుతున్నారు. దొరకదు, మళ్ళీ మొదలు. "పదకొండేళ్ళు గాలి ఆపడమే నా పని, నా పిల్ల దగ్గర ఆపలేకపోయాను" అంటారు.

పిల్లని ఎత్తుకోవడం మానేశారు. స్నానం చేయించరు, అన్నం కలిపి పెట్టరు. ఎందుకండీ అంటే, "నా చేతులు మంచివి కావు విశాలీ" అన్నారు. మాధు "నాన్నా, అప్!" అని చేతులు చాపితే పని ఉన్నట్టు లేచిపోతారు. "నాన్న యాంగ్రీ?" అని నన్ను అడుగుతుంది. "కాదమ్మా, నాన్నకి నడుం నొప్పి" అని ఒక అబద్ధం, దాని మీద ఇంకో అబద్ధం.

చెబుదామని ఎన్నిసార్లు అనుకున్నానో. ఒకసారి బియ్యం కడుగుతూ, "మీ తప్పు కాదండీ" అన్నాను. ఆయన తలెత్తి, "మరి ఎవరిది?" అన్నారు. నేను బియ్యం ఇంకోసారి కడిగాను.

మంగళవారం ఫోనొచ్చింది. గంట దూరంలో ఒక చిన్న కంపెనీ. అవే తలుపు పట్టీలు. ఈయన గీసినవి ఎవరో చూపించారట, రమ్మంటున్నారు. సోమవారం లోపల సరే అనాలి. ఈ రోజుల్లో ఈ ఊళ్ళో ఉద్యోగం ఇస్తామని ఎవరైనా అనడం అంటే మాటలు కాదు. ఈయన వద్దన్నారు. "సొంత పిల్లని చంపబోయినవాణ్ణి, ఊళ్ళో పిల్లలు కూర్చునే కార్లకి తలుపులు గీయనా?" అన్నారు. మూడు వారాల్లో ఆయన నాతో మాట్లాడిన పెద్ద మాట అదే.

సరిగ్గా ఆ సాయంత్రమే నీ ఉత్తరం వచ్చింది, కొత్త గదీ, కుంపటీ అని. నోరు మూసుకుని ఇక్కడ ఒక మనిషిని కుళ్ళబెడుతున్నాను, అది చాలక అక్కడ పద్మకీ పుట్టబోయే బిడ్డకీ కూడా మూసుకోనా? అందుకని నీకు రాస్తున్నాను. నీకు రాసినంత సులువుగా ఆయనకి చెప్పగలిగితే బావుండును. చెబితే నా ముఖం చూస్తారా? కన్నతల్లివి, పిల్ల ముందు నిప్పులు పెట్టి, ఆ నేరం మొగుడి నెత్తిన వేసి, మూడు వారాలు అన్నం వడ్డించావు అంటే ఏం చెప్పను?

ఆదివారం

ఉత్తరం అక్కడ ఆపాను. నిన్న మధ్యాహ్నం మాధు గరాజ్‌లోకి వెళ్ళి ట్రక్కు నిచ్చెన ఎక్కబోయి రెండో మెట్టు మీంచి జారింది. మోచెయ్యి గీసుకుని ఏడుస్తోంది. ఆయన దానికి రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నారు. చేతులు వెనక్కి పెట్టుకుని, "విశాలీ, వచ్చి ఎత్తుకో, త్వరగా రా" అని కేక పెడుతున్నారు. పిల్ల ఆయన్నే చూస్తూ ఏడుస్తోంది.

అప్పుడు ఇక నా వల్ల కాలేదు. పిల్లని ఎత్తుకుని అక్కడే చెప్పేశాను. నిప్పులు, మూకుడు, వాము, నాడాలు, జిప్పు, అన్నీ.

ఆయన నమ్మలేదు! జాలిగా చూసి, "నన్ను ఓదార్చడానికి ఇంత అబద్ధం ఎందుకే?" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పిల్లని దింపి, నేనే ట్రక్కెక్కి, ఆ మడత బల్ల ఈడ్చి తెరిచాను. ఆ రోజు తరవాత దాన్ని ఎవరూ తెరవలేదు. జిప్పు లాగి లోపల చూపించాను. ఇటుక దొర్లి ఉంది. ప్లైవుడ్ మీద నిప్పులు పడి మాడిన మచ్చలు. బూడిద. అందులో నల్లగా వేగిన వాము గింజలు.

ఆయన ఎక్కి, ఆ గింజలు వేళ్ళతో నలిపి వాసన చూశారు. ఫ్రాంక్ వాళ్ళ గడ్డి కోసే మిషను చప్పుడు ఒకటే వినిపిస్తోంది.

"డాక్టరు అడిగాడు" అన్నారు చివరికి. "నువ్వు నా పక్కనే నిలబడి ఉన్నావు."

"అవునండీ."

"నా పక్కనే."

"అవును."

అరుస్తారనుకున్నాను. కొట్టినా బావుండుననుకున్నాను. ఆయన కిందికి దిగి, నా పక్కనుంచే నడిచి వెళ్ళి, మాధు ముందు గొంతుక్కూర్చుని, ఆ గీసుకున్న మోచెయ్యి చూశారు. తరవాత దాన్ని ఎత్తుకున్నారు. గట్టిగా పట్టుకుని, గరాజ్ గోడ వైపు తిరిగి, పిల్ల భుజంలో ముఖం దాచుకుని ఏడ్చారు. మాధు ఆయన వీపు తట్టి, "ఓకే నాన్నా, ఓకే" అంది.

అప్పటి నుంచీ ఆయన నాతో మాట్లాడలేదు. ఒక్క ముక్క లేదు. ఎన్నాళ్ళు మాట్లాడరో తెలియదు, అసలు మాట్లాడతారో లేదో కూడా తెలియదు. రేపు ఆ కంపెనీకి ఏం చెబుతారో అడిగే ధైర్యం నాకు లేదు. పొద్దున బాణాల కాగితాలన్నీ చింపి చెత్తబుట్టలో వేశారు, అది మాత్రం చూశాను.

పద్మకి సుఖప్రసవం కావాలని రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను, పుట్టగానే కబురు చెయ్యి. బావగారికి నా నమస్కారాలు. అమ్మకి ఈ సంగతి చెప్పకు. కుంపటి వద్దనడానికి కారణం అడిగితే అమెరికా డాక్టర్లు చెప్పారను, నమ్ముతుంది. నామీద కోపం వస్తే దాచుకోకుండా రాయి. తిట్టే హక్కు నీకుంది, తిట్టించుకోవాలనీ ఉంది.

ఇది రాస్తుండగానే మాధు వచ్చింది. ఆయనకి ఏది కావాలన్నా పిల్లతో చెప్పిస్తున్నారు. నిన్న రాత్రి నుంచీ ఈ ఇంట్లో మా ఇద్దరి మధ్యా అదే నడుస్తోంది. "అమ్మా, నాన్న కాఫీ అడుగుతున్నాడు" అంటుంది వంటింటి గుమ్మంలోంచి. తల ఎత్తి చూస్తే, పిల్ల ఆయన చంకలో ఉంటుంది. ఆయన నా వైపు చూడరు. కానీ ఆ నాలుగు మాటలు చెప్పించడానికి కూడా దాన్ని కిందికి దించడం లేదక్కా.

నా మొగుడు నన్ను క్షమించాలని దీవించమని నిన్ను అడగను. పిల్లని అలాగే, దించకుండా ఉంచుకోవాలని దీవించు.

నీ చెల్లెలు,
విశాలి